నెగటివ్ చిట్టీ మీద తెలుగులో ఒక్క లైను రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుతున్నాను. ఈ 2021 మే నెలలో, కరోనా సెకండ్ వేవ్‌లో నేను రోజూ చూస్తున్నది ఒకటి మీ పేపర్ ద్వారా చెప్పాలని రాస్తున్నా. కరోనా టెస్టులో పాజిటివ్ వచ్చినాయన ఇంట్లోనే ఉంటున్నాడు, కొడుకునో తమ్ముడినో పంపి మందులు తెప్పించుకుంటున్నాడు. నెగటివ్ వచ్చినాయనే దగ్గుకుంటూ షాపుకి వస్తున్నాడు. "నెగటివే వచ్చిందే అన్నా, ఉత్త జ్వరమే, రెండు గోలీలు ఇయ్యి" అని మాస్కు గదమ కిందికి గుంజి మరీ చెప్తున్నారు. ఒళ్ళు కాలిపోతుంటది, వాసన తెలుస్తలేదంటారు, అయినా చేతిలో నెగటివ్ చిట్టీ ఉంది కాబట్టి ధైర్యం. లాక్‌డౌన్ పెట్టినంక పొద్దున 6 నుంచి 10 దాకా ఊరంతా ఒకేసారి రోడ్డు మీదికి వస్తుంది, ఆ గుంపులో ఇట్లాంటి వాళ్ళు ఎంతమందో.

ఇప్పుడు యాసంగి వడ్లు, వాటిని కొనే ఐకేపీ సెంటర్లలో కుప్పలు పోసి ఉన్నాయి, కాంటా కాక రైతులు అక్కడే పడుకుంటున్నారు. మా దగ్గరి ఊరి రైతు ఒకాయన జ్వరం వచ్చిన రెండో రోజు పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోయి ర్యాపిడ్ టెస్టు చేయించుకున్నాడు, నెగటివ్ అన్నారు. మళ్ళీ వడ్ల కాడికే పోయాడు, హమాలీలతో కలిసి తిన్నాడు, రాత్రికి ఇంటికి పోయి ముసలి తండ్రి పక్కన మంచం వేసుకున్నాడు. వారం తిరగకముందే ఆయనకి ఆయాసం, ఇంట్లో అందరికీ జ్వరాలు. నా దగ్గరికి తీసుకొస్తే ఆక్సీమీటర్ పెట్టి చూశా, ఆక్సిజన్ 86 చూపించింది. టౌన్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి పోతే పాజిటివ్ రిపోర్టు ఉంటేనే బెడ్ అన్నారంట. సీటీ స్కాన్ తీయించి అది చూపించి బతిమాలితే చేర్చుకున్నారు. ఆయన కోలుకుంటున్నాడు గానీ తండ్రి పోయాడు. ఆ ముసలాయనకి టెస్టే చేయించలేదు, ఎందుకంటే కొడుక్కి నెగటివ్ కదా, ఇంట్లో కరోనా లేదు అనుకున్నారు.

ఇందులో పీహెచ్‌సీ వాళ్ళు చేసిన తప్పేం లేదు, కిట్ ఏం చూపించిందో అదే చెప్పారు. కాకపోతే ఆ కిట్‌కి ఎంత శక్తి ఉందో జనానికి ఎవరూ చెప్పలేదు. ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులో వైరస్ ప్రొటీన్ స్వాబ్ (ముక్కులో పెట్టి తీసే పుల్ల) మీద కావలసినంత ఉంటేనే పాజిటివ్ అని చూపించే రెండో గీత వస్తుంది, కొద్దిగా ఉంటే రాదు. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టు అలా కాదు, వైరస్ జన్యు పదార్థం కొంచెమే దొరికినా దాన్ని మెషీన్‌లో ఒకటికి రెండు, రెండుకి నాలుగు చేసుకుంటూ పోతారు, ఒక్క గింజ దొరికినా నాటి పంట చేసి చూపించినట్టు. అందుకే అది టైం తీసుకుంటుంది, ల్యాబ్ కావాలి, ర్యాపిడ్ అయితే పావుగంట అరగంటలో అయిపోతుంది.

వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ మొట్టమొదట 2020 జూన్‌లో ఈ యాంటిజెన్ కిట్‌కి పర్మిషన్ ఇచ్చినప్పుడే రాసింది, తమ దగ్గరా ఎయిమ్స్‌లోనూ పరీక్షించి చూస్తే నిజంగా కరోనా ఉన్నవాళ్ళని 50.6 నుంచి 84 శాతం దాకా మాత్రమే పట్టుకుందని. పాజిటివ్ అని చూపిస్తే నమ్మొచ్చు, దాంట్లో తప్పు చాలా తక్కువ. నెగటివ్‌తోనే చిక్కు. లెక్క వేసి చూడండి, జ్వరం దగ్గుతో వంద మంది లైన్లో నిలబడ్డారు, అందులో యాభై మందికి నిజంగా ఉంది అనుకుందాం, కిట్ బాగా పనిచేస్తే 8 మంది, సరిగ్గా పనిచేయకపోతే 25 మంది దాకా నెగటివ్ చిట్టీ పట్టుకుని ఇంటికి పోతారు. అది కూడా స్వాబ్ సరిగ్గా తీస్తేనే. ముక్కు లోపల బాగా వెనకదాకా పోవాల్సిన పుల్ల, మనిషి తల వెనక్కి గుంజుకుంటే ముందరే తిప్పి తీసేస్తున్నారు. ఎండలో పీపీఈ కిట్ వేసుకుని పొద్దుటి నుంచి నిలబడ్డ ల్యాబ్ టెక్నీషియన్‌ని ఏమనగలం, వాళ్ళలో చాలామందికి వాళ్ళకే వచ్చి తగ్గింది.

ఆర్‌టీపీసీఆర్ అయినా నూటికి నూరు పాళ్ళు కాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో లెక్కగట్టారు, లక్షణాలు మొదలైన రోజే టెస్టు చేస్తే ఉన్నవాళ్ళలో 38 శాతం మందికి లేదనే వస్తుంది, ఇంకో మూడు రోజులు ఆగి చేస్తే అది 20 శాతానికి తగ్గుతుంది, ఆ తర్వాత మళ్ళీ పెరుగుతుంది. మనవాళ్ళేమో పక్కింటాయనకి వచ్చిందని తెలిసిన తెల్లారే పోయి చేయించుకుని హమ్మయ్య అనుకుంటున్నారు. అంత తొందరగా చేస్తే అసలు దొరికే అవకాశమే తక్కువ. ఇంకొందరు పదో రోజున పోతారు, అప్పటికి వైరస్ గొంతులో తగ్గి ఊపిరితిత్తుల్లో ఉంటుంది, ముక్కులో పుల్ల పెడితే ఏం దొరుకుతుంది. వాట్సాప్‌లో మాత్రం కొత్త మ్యుటేషన్ (వైరస్ రూపం మారడం) వల్ల టెస్టులకి దొరకట్లేదని తిప్పుతున్నారు. మన దేశంలో వాడే ఆర్‌టీపీసీఆర్ ఒక్క జన్యువు మీద ఆధారపడదు, ఈ రకాలని అది వదిలేయట్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. వదిలేస్తున్నది మనం చేయించుకునే రోజు, స్వాబ్ తీసే పద్ధతి, శాంపిల్ ల్యాబ్‌కి చేరేదాకా దాన్ని చల్లగా ఉంచకపోవడం.

రూల్ లేక కాదండీ. లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగటివ్ వచ్చినవాళ్ళందరికీ తప్పకుండా ఆర్‌టీపీసీఆర్ చేయాలని 2020 సెప్టెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకి లెటర్ రాసింది. 2021 మే 4న ఐసీఎంఆర్ మళ్ళీ చెప్పింది, అట్లాంటి వాళ్ళని ఆర్‌టీపీసీఆర్‌కి పంపాలి, ఈలోపు ఇంట్లో ఐసోలేషన్‌లో పెట్టి మందులు వాడించాలి అని. ఈ రెండో ముక్క చాలా ముఖ్యం, ఎందుకంటే మా దగ్గర ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు రావాలంటే మూడు నాలుగు రోజులు పడుతోంది. కానీ ఈ ముక్క మండలంలో టెస్టు చేయించుకున్న మనిషి చెవిన పడట్లేదు. "నెగటివ్, పో" అంటున్నారు, వెనకాల లైను ఉంది, ఆయన పోతున్నాడు.

మన రాష్ట్రంలో ఇప్పుడు ఇంటింటి జ్వరం సర్వే జరుగుతోంది. ఆశ వర్కర్లు, ఏఎన్ఎంలు తిరిగి లక్షణాలున్న వాళ్ళకి టెస్టుతో సంబంధం లేకుండా మందుల కిట్ ఇస్తున్నారు. ఇది చాలా మంచి పని, మనస్ఫూర్తిగా చెప్తున్నా. కాకపోతే మా ఊళ్ళో కొందరు ఆశ అమ్మకి "మాది నెగటివ్" అని చెప్పి కిట్ తీసుకోకుండా తిప్పి పంపిస్తున్నారు. పాజిటివ్ రిపోర్టు లేకపోయినా అనుమానం ఉంటే హాస్పిటల్‌లో చేర్చుకోవాల్సిందేనని మే 8న కేంద్రం ఆర్డర్ ఇచ్చింది, అది తెలిసుంటే ఆ రైతు కుటుంబం రిసెప్షన్ దగ్గర గట్టిగా అడిగి ఉండేది.

అందుకని నేను అడిగేది ఒకటే. టెస్టు చేసిన చోట ఇచ్చే నెగటివ్ చిట్టీ మీద, ఫోన్‌కి పంపే మెసేజ్‌లో, తెలుగులో ఒక్క లైను ఉండాలి: "జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు, వాసన తెలియకపోవడం ఉంటే ఈ రిపోర్టు నెగటివ్ అయినా మీకు కరోనా ఉండొచ్చు, ఇంట్లో వేరుగా ఉండండి, ఆర్‌టీపీసీఆర్ చేయించుకోండి, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే హాస్పిటల్‌కి పోండి." చిట్టీ ప్రింట్ అయ్యేదాకా ఒక రబ్బరు స్టాంపు చేయించినా చాలు, దానికి పెద్ద ఖర్చు కాదు, జిల్లా వైద్యాధికారి తలుచుకుంటే రెండ్రోజుల పని. లక్షణాలున్న మనిషికి ర్యాపిడ్ నెగటివ్ వస్తే మళ్ళీ ఇంకో రోజు రమ్మనకుండా అప్పుడే ఆర్‌టీపీసీఆర్‌కి శాంపిల్ తీసి పంపిస్తే ఇంకా మంచిది, కూలి పోగొట్టుకుని రెండోసారి ఎవరు వస్తారు.

మీ పేపర్ జిల్లా పేజీలో రోజూ ఎన్ని టెస్టులు, ఎన్ని పాజిటివ్‌లు అని వేస్తున్నారు. దాని పక్కనే ఈ లైను కూడా బాక్స్ కట్టి కొన్నాళ్ళు రోజూ వేయండి సార్. నేను కత్తిరించి షాపు కౌంటర్ మీద అంటిస్తాను, నాలాంటి మెడికల్ షాపుల వాళ్ళందరూ అంటిస్తారు, ఎందుకంటే నెగటివ్ వచ్చినాయన డాక్టర్ దగ్గరికి పోకపోయినా మా దగ్గరికి మాత్రం వస్తాడు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
సూర్యాపేట జిల్లా, మే 2021