సంచులకు కాపలా కూర్చునేవారికీ సముద్రం దక్కాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం పర్యాటకం గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా నక్షత్రాల హోటళ్ల చుట్టూ, క్రూయిజ్ నౌకల చుట్టూ, కోట్ల రూపాయల ఒప్పందాల చుట్టూ తిరుగుతుంటాయి. అవి వద్దనే ఉద్దేశం నాకు లేదు. కానీ సెలవు రోజు సాయంత్రం ఆర్కే బీచ్‌లో పావుగంట నిలబడితే కనిపించే జనం వేరు. శ్రీకాకుళం నుంచి, బరంపురం నుంచి, రాయగడ నుంచి, ఖమ్మం నుంచి ఏ ట్రావెల్స్ సాయమూ లేకుండా సొంతంగా టికెట్లు కొనుక్కుని, చేతిలో ఉన్న నాలుగు రూపాయలను లెక్క చూసుకుంటూ వచ్చినవారు వీరు. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో బంధువును చూడడానికి వచ్చి ఒక పూట సముద్రానికి కేటాయించుకున్నవారు, పరీక్ష రాసిన మరునాడు ఉండిపోయిన విద్యార్థులు కూడా ఇందులోనే ఉంటారు. వీరి కోసం ఈ నగరం చేయవలసిన చిన్న పనుల గురించే ఈ లేఖ.

ఈ ఊరు చౌక కాదన్న మాట తరచుగా వింటుంటాను. గదుల అద్దెల విషయంలో అది కొంత నిజం కావచ్చు గాని, తిరగడానికి విశాఖ ఇప్పటికీ సామాన్యుడికి అందుబాటులోనే ఉంది. రైల్వేస్టేషన్ దగ్గర 900కె సిటీ బస్సు ఎక్కితే రుషికొండ మీదుగా భీమిలి వరకు దారిలో చాలా దూరం సముద్రం పక్కనే ఉంటుంది. మధ్యలో దిగి కాస్త కొండ ఎక్కగలిగితే తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం శిథిలాలు, అక్కడి నుంచి కిందికి చూస్తే తీరమంతా కనిపిస్తాయి. ఇంకా ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక మన రాష్ట్రపు ఆడవారికి సిటీ బస్సుల్లో ఈ ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. వన్‌టౌన్ వైపు వెళ్తే గుడి, దర్గా, చర్చి ఉన్న మూడు కొండలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. బురుజుపేటలో పైకప్పు లేని గుడిలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉన్నారు. వీటిలో దేనికీ జేబు ఖాళీ కాదు. అరకు వెళ్లాలనుకునేవారు అద్దాల బోగీలో సీటు దొరకలేదని దిగులు పడనక్కరలేదు. కిరండూల్ వెళ్లే పగటి రైలులో మామూలు బోగీ కిటికీ దగ్గర కూర్చున్నవారికీ అవే లోయలు, అవే సొరంగాలు కనిపిస్తాయి. పైగా ఆ కిటికీలోంచి గాలి కూడా వస్తుంది.

చిక్కు మొదలయ్యేది తెల్లవారుజామున. గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బళ్లు ఇంకా పూర్తిగా తెల్లారకముందే జనాన్ని ఇక్కడ దించుతాయి. వచ్చినవారిలో చాలామంది ఆలోచన ఒకటే: పగలంతా తిరిగి మళ్లీ రాత్రి బండి ఎక్కేయాలి, గది అద్దె మిగుల్చుకోవాలి. అది తెలివైన లెక్కే. అయితే ఆ లెక్క కుదరాలంటే ముఖం కడుక్కుని స్నానం చేయడానికి ఒక చోటు, సంచులు పెట్టుకోవడానికి మరొక చోటు కావాలి. స్టేషన్‌లో విశ్రాంతి గదులు ఉన్నాయి గాని ముందే బుక్ చేసుకున్నవారితో నిండిపోయి ఉంటాయి. క్లోక్‌రూము కూడా ఉంది. కానీ రైల్వే నిబంధన ప్రకారం అక్కడ తాళం వేసిన సామాను మాత్రమే తీసుకుంటారు. మన పల్లెల నుంచి వచ్చేవారు తెచ్చే గుడ్డ సంచికి, జిప్పు ఊడిపోయిన బ్యాగుకు, పైన తువ్వాలుతో కట్టిన బుట్టకు తాళం ఎక్కడ వేస్తారు? కౌంటరు దగ్గర ఆ సంగతి తెలిసి, మళ్లీ అన్నీ భుజాన వేసుకుని బయటికి వచ్చే కుటుంబాలను స్టేషన్ వైపు ఉదయం నడకకు వెళ్లేవారు ఎవరైనా చూడవచ్చు.

ఆ సంచులు అలాగే బీచ్‌కు వస్తాయి. ఈసారి ఆర్కే బీచ్‌కు వెళ్లినప్పుడు నీళ్లలో ఆడేవారిని కాకుండా ఇసుకలో కూర్చున్నవారిని గమనించమని పాఠకులను కోరుతున్నాను. ప్రతి గుంపులోనూ ఒకరు, ఎక్కువసార్లు తల్లి గాని నాయనమ్మ గాని, సామాను మధ్యలో కూర్చుని ఉంటారు. చుట్టూ నాలుగైదు జతల చెప్పులు, పిల్లల పొడి బట్టలు, ఒక నీళ్ల సీసా, ఎవరిదో కళ్లజోడు. అందరి సెల్‌ఫోన్లూ ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి కొంగులో మూట కట్టి ఉంటాయి. వారు లేస్తే కాపలా ఉండదు. పిల్లలు తడిసి వచ్చాక వంతు మార్చుకుందామనుకుంటారు గాని అప్పటికి తడి బట్టలు మార్చాలి, ఆకలి అంటారు, మురీ మిక్చరు బండివాడు పిలుస్తాడు, వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది. వందల కిలోమీటర్లు వచ్చిన మనిషి పాదం తడవకుండా తిరిగి వెళ్లిపోతుంది. ఎదురుగానే ఉన్న కురుసుర జలాంతర్గామి సంగతీ అంతే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఆ ఓడలో ఇరుకైన గుండ్రటి ద్వారాల గుండా వంగి దూరుతూ వెళ్లాలి. భుజాన సంచులతో అది జరిగే పని కాదు. కాబట్టి అక్కడా ఒకరు బయటే ఉండిపోతారు.

లాడ్జిల గురించి రెండు మాటలు. వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జులై వరకు జీఎస్టీ లేదు. ఆ నెలలో 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గిన పన్ను గది అద్దెలో కనిపించిందా అన్నది తెలియాలంటే ముందు ధరల పట్టిక రిసెప్షన్‌లో అందరికీ కనిపించేలా ఉండాలి. శనివారం ఒక ధర, మంగళవారం ఒక ధర ఉండడాన్ని నేను తప్పు పట్టను. మనిషి మాటను బట్టి, యాసను బట్టి ధర మారడాన్నే తప్పు పడతాను. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకు ‘గదులు లేవమ్మా’ అని చెప్పి పంపించే అలవాటు కూడా కొన్ని చోట్ల ఇంకా పోలేదు. గుర్తింపు కార్డు అడగడం వరకు సబబే. ఒక్కరే వచ్చారన్న కారణంతో గది ఇవ్వకూడదని చెప్పే చట్టమేదీ లేదు.

బస్సుల విషయానికి వస్తే, మన సిటీ బస్సుల బోర్డుల మీద ఊళ్ల పేర్లు తెలుగులో ఉండడం న్యాయమే, అలాగే ఉండాలి. అయితే ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చేవారికి అంకె తప్ప మరేమీ అర్థం కాదు. ఆ అంకె ఏ ఊరికి వెళ్తుందో చెప్పే పట్టిక ఎన్నో బస్టాపుల్లో లేదు. ఉన్నచోట దాని మీద ట్యూషన్ సెంటరు కాగితాలు అంటించి ఉంటాయి. బస్సు ఎప్పుడొస్తుందో తెలియనివారు ఆటోకే మొగ్గుతారు, అక్కడ బేరం ఎలా నడుస్తుందో మనకు తెలియనిది కాదు. 2025 ఆగస్టులో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు మొదలుపెట్టిన డబుల్ డెక్కర్ బస్సులు చూడముచ్చటగా ఉన్నాయి. వాటి ప్రచారానికి పెట్టిన శ్రద్ధలో కొంత పెట్టినా, ఆర్టీసీ ప్రతి బస్టాపులో నాలుగు భాషల్లో ఒక పట్టికను, అందులో భీమిలి నుంచి తిరిగి వచ్చే ఆఖరి బస్సు వేళను రాయించగలదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణం. గుంపుగా గైడుతో వచ్చినవారికి ఎక్కడ దిగకూడదో చెప్పేవారు ఒకరుంటారు, సొంతంగా వచ్చినవారికి ఉండరు. ఆర్కే బీచ్‌లో నేల ఒక్కసారిగా లోతవుతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఏదో ఒక సన్నని పాయగా చేరి లోపలికి పరుగెడుతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు, పైకి నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవారు ఇదే భద్రమనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కినవారు ఒడ్డు వైపుకే ఈదబోయి అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ లోంచి బయటపడవచ్చు. ఈ ఒక్క విషయం బొమ్మతో సహా తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ భాషల్లో రాసి నీటికి దిగే మెట్ల దగ్గర పెట్టాలి. ‘ప్రమాదకరం, స్నానం చేయరాదు’ అన్న బోర్డు చాలదు. సముద్రానికి వచ్చినవాణ్ని నీళ్లలో దిగవద్దంటే ఎవరూ వినరు, ఎక్కడ దిగవచ్చో చెబితే వింటారు.

ఈ పనులన్నిటికీ డబ్బు ఎక్కడిదని అధికారులు అడగవచ్చు. రుషికొండ బీచ్‌కు ప్రవేశ రుసుము పెట్టాలన్న ఆలోచన 2023లో వచ్చింది, జనం వ్యతిరేకించడంతో వెనక్కి పోయింది, పోవడమే మంచిదైంది. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు అదే బీచ్‌కు 2020లో వచ్చింది. అది 2025లో నిర్వహణ లోపాల వల్ల కొంతకాలం చేజారి, హడావిడిగా బాగుచేశాక తిరిగి దక్కింది. శ్రద్ధ పెడితే వారాల్లో పని జరుగుతుందని అప్పుడు అందరం చూశాం. ఇసుక మీద అడుగు పెట్టినందుకు డబ్బు అడిగితే జనం గొడవ చేస్తారు గాని, సంచి పెట్టుకున్నందుకు పది రూపాయలు, మంచినీటి స్నానానికి ఇరవై రూపాయలు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. తిరుమలలో చెప్పులకు, సెల్‌ఫోన్లకు టోకెన్లు ఇచ్చి లక్షల మంది సామాను కాపాడుతున్న రాష్ట్రం మనది, ఆ పద్ధతి మనకు కొత్త కాదు.

నగరపాలక సంస్థ జీవీఎంసీ, పర్యాటక శాఖ కలిసి మొదట ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం పరిసరాల్లో ఒక సామాను గది తెరవాలని నా విన్నపం. అది గుడ్డ సంచిని కూడా తాళం అడగకుండా, చీటీ కట్టి తీసుకునేదై ఉండాలి. తెల్లవారుజామున ఐదింటికి తెరిచి, రాత్రి రైళ్లకు బయల్దేరేవారు వచ్చి తీసుకునేవరకు ఉండాలి. పక్కనే ఆడవారికీ మగవారికీ వేరువేరుగా స్నానాల గదులు ఉండాలి. నిర్వహణ స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించవచ్చు. కార్తీకమాసంలో వనభోజనాలకు వచ్చే బస్సులు, ఆ వెనకే సంక్రాంతి సెలవుల రద్దీ ఎలా ఉంటాయో అధికారులకు నేను చెప్పనక్కరలేదు. ఆ రద్దీ మొదలయ్యేలోపు ఈ ఒక్క గది తెరిస్తే, రుషికొండ, భీమిలి బీచ్‌ల సంగతి దాని నడక చూసి తేల్చుకోవచ్చు.

ఇట్లు
మీ పత్రిక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం