ఆటల పీరియడ్‌లో అమ్మాయిలకు మైదానం ఇవ్వండి

సంపాదకులకు,

ఏడో తరగతి దాకా పరుగులు తీసిన అమ్మాయిలు ఎనిమిదికి వచ్చేసరికి ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చుంటున్నారు. చాలా ఉన్నత పాఠశాలల్లో ఇదే తంతు. వాళ్లకే ఆసక్తి లేదంటారు. వాలీబాల్, మైదానం అబ్బాయిలకు ఇచ్చేసి, ఇరవై మంది అమ్మాయిలకు ఒక్క టెన్నికాయిట్ రింగు ఇస్తే ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఎముకల గట్టిదనం చాలావరకు 18 ఏళ్లలోపే సమకూరుతుంది. సరిగ్గా ఆ వయసులోనే వాళ్లను కూర్చోబెడుతున్నాం.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. సున్నంతో గీత గీసి సగం మైదానం అమ్మాయిలకు కేటాయించాలి. ఖోఖోకు రెండు స్తంభాలుంటే చాలు, బంతి కూడా అవసరం లేదు. అయితే పోటీల్లోలాగా ఒక్కో టర్న్ 9 నిమిషాలు ఆడిస్తే వరుసలో ఉన్నవాళ్లు ఎక్కువసేపు కూర్చునే ఉంటారు. 4 నిమిషాలకు కుదిస్తే అందరికీ పరుగు దక్కుతుంది.

ఆటకు ముందు 8 నిమిషాలు వార్మప్ తప్పనిసరి. రెండు నిమిషాలు నెమ్మదిగా పరుగు, తర్వాత 10 గుంజీలు, 10 గెంతులు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు వంచి దిగాలి, అవి లోపలికి వాలకుండా పాదాల వరుసలోనే ఉండాలి. గెంతుతూ చటుక్కున మలుపు తిరిగే ఆటల్లో మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం, రజస్వల అయ్యాక, అబ్బాయిలకంటే అమ్మాయిలకే ఎక్కువ. చున్నీ తీసి ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు వేసుకోనివ్వాలి.

నెలసరి రోజుల్లో ఆట మానాల్సిన పని లేదు, నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లను వదిలేస్తే చాలు. నిజానికి చాలామంది వెనక్కి తగ్గేది మరుగుదొడ్డికి గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట లేకనే.

ఇంకొకటి. కాస్త పరుగుకే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలు అనేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను పరగడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, అందుకే చాటుగా పారేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక, టీచరు ఎదుటే మింగించాలి. ఆ పైన గంట దాకా టీ తాగనివ్వకూడదు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

పదో తరగతి ఆటల పీరియడ్‌ను లెక్కలకు మళ్లించడం ఆపాలి. తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టరుతో పాటు, ఆ గంటలో మైదానంలో ఎంతమంది అమ్మాయిలు ఆడుతున్నారో కూడా లెక్కపెట్టి నమోదు చేయాలి.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, కాకినాడ జిల్లా