ఆసియా పిల్లలంతా ఒకటే కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఆసియా పిల్లలంతా చదువుల్లో దూసుకుపోతున్నారంటూ మీరు వేసిన కథనం చదివాను. మన తెలుగు పిల్లల గురించి రాసినంతవరకు నాకే అభ్యంతరమూ లేదు గానీ, "ఆసియా పిల్లలంతా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేముండేది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌కి దగ్గర్లో. ఆ ఊళ్లో ఏనహైమ్ స్ట్రీట్ వెంబడి కొంత ప్రాంతానికి 2007లో కంబోడియా టౌన్ అని అధికారికంగా పేరు పెట్టారు. అక్కడి పిల్లలు పెరిగిన తీరు వేరు.

మనలో ఎక్కువమంది డిగ్రీ, వీసా, ఉద్యోగం చేతిలో పెట్టుకుని విమానం ఎక్కినవాళ్లమే. ఆ కంబోడియా పిల్లల అమ్మానాన్నలు అక్కడ 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం పాలనలోంచి ప్రాణాలు మాత్రం దక్కించుకుని, థాయ్‌లాండ్ సరిహద్దు శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లు. నాలుగేళ్లు కూడా నిండని ఆ కాలంలో సుమారు 17 నుంచి 20 లక్షల మంది ఆకలితో, జబ్బులతో, హత్యలతో పోయారు. చదువుకున్నవాళ్లని వెతికి మరీ చంపారు. ప్రాణాలతో బయటపడినవాళ్లలో చాలామంది పల్లెటూరి రైతులు, సొంత భాషలోనే సరిగ్గా చదవడం రానివాళ్లు. అలాంటివాళ్లని అమెరికా తెచ్చి అద్దె తక్కువని గొడవలుండే పేటల్లో పెట్టారు.

దాంతో ఇంట్లో పిల్లలే పెద్దలైపోయారు. డాక్టరుతో అమ్మ జబ్బు గురించీ, ఇంటి ఓనరుతో అద్దె గురించీ పదేళ్ల పిల్లే మాట్లాడాలి. అమ్మకి రాత్రులు నిద్ర ఎందుకు పట్టదో మాత్రం ఆ పిల్లకి ఎవరూ చెప్పరు. కళ్లలో ఏ లోపమూ లేకుండానే, చూసిన ఘోరాల దెబ్బకి చూపు మందగించిన కంబోడియా ఆడవాళ్లని 1980లలో లాంగ్ బీచ్‌లో డాక్టర్లు చాలామందినే చూశారు. వాళ్ల పిల్లలు ఏ మనసుతో బడికి వెళ్లి ఉంటారో ఆలోచించండి. కాలిఫోర్నియా డోనట్ షాపుల్లో చాలా భాగం ఈ కుటుంబాలవే, తెల్లారకముందే తెరిచే ఆ షాపుల్లో కౌంటర్ వెనకే హోంవర్క్ చేసుకుని పెరిగినవాళ్లు ఎందరో.

అన్నింటికన్నా నన్ను కలచివేసేది డిపోర్టేషన్, అంటే దేశం నుంచి పంపించేయడం. ఒకే ఇంట్లో అన్న థాయ్ శిబిరంలో పుట్టాడు, చెల్లెలు కాలిఫోర్నియాలో పుట్టింది. చెల్లెలు పుట్టుకతోనే పౌరురాలు, అన్నకి గ్రీన్ కార్డే. శరణార్థులుగా తీసుకొచ్చారు కదా, ఇక మనల్ని ఎవరూ పొమ్మనరు అనుకున్న తల్లిదండ్రులు పౌరసత్వం జోలికే వెళ్లలేదు, వెళ్దామన్నా పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది. పేటలో గ్యాంగులు పిల్లల్ని కొడుతుంటే ఆ అన్న తనూ ఒక గ్యాంగులో చేరాడు, పద్దెనిమిదో పందొమ్మిదో వయసులో కేసులో ఇరుక్కుని జైలు శిక్ష పూర్తి చేసుకున్నాడు. ఇలాంటి అన్నలు వందల్లో ఉన్నారు. 1996లో వచ్చిన చట్టం, దేశం నుంచి పంపేయడానికి కారణమయ్యే తీవ్ర నేరాల జాబితాని బాగా పెంచి, అంతకుముందు జరిగిన పాత కేసులకి కూడా దాన్ని వర్తింపజేసింది, జడ్జి కుటుంబ పరిస్థితి చూసి కనికరించే వీలు చాలావరకు తీసేసింది. 2002లో ఇలాంటివాళ్లని వెనక్కి తీసుకోవడానికి కంబోడియా ఒప్పుకుంది. అప్పటినుంచి, పెళ్లాం పిల్లలున్న మనుషుల్ని, పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా చూడని దేశానికి పంపించేస్తున్నారు. నేరాన్ని నేను సమర్థించడం లేదు. శిక్ష అనుభవించాక మళ్లీ ఈ శిక్షేమిటన్నదే నా ప్రశ్న. పైగా 1969 నుంచి 1973 దాకా కంబోడియా మీద బాంబులు కురిపించిన దేశం ఇదే.

ఈ బాధ మనకి అర్థం కానిది కాదు. పసివయసులో ఇక్కడికి వచ్చి, గ్రీన్ కార్డ్ క్యూలో 21 ఏళ్లు నిండిపోయి, అమ్మానాన్నల వీసా మీద ఉండే వీలు పోయి, ఉండాలో వెళ్లాలో తెలియక టెన్షన్ పడుతున్న పిల్లలు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు.

గెలిచినవాళ్లు లేరనడం లేదు. 2022లో మసాచుసెట్స్‌లోని లోవెల్‌కి మేయరైన సోఖారీ చౌ శరణార్థిగా వచ్చిన పిల్లవాడే, ఆయన తండ్రిని ఖ్మేర్ రూజ్ చంపేసింది. ఆయన గురించీ రాయండి, వెనక్కి పంపిన అన్నల గురించీ, వాళ్ల కోసం లాయర్ల చుట్టూ తిరుగుతున్న చెల్లెళ్ల గురించీ రాయండి. మీ ఆదివారం సంచికలో ఒక్క పేజీ ఇస్తే చాలు. మీ విలేకరి ఎవరైనా ఇటు వస్తే కంబోడియా టౌన్ అంతా నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
దక్షిణ కాలిఫోర్నియా