మూడు వంజరాలు

విశాఖపట్నం,
ఆదివారం, రాత్రి పదకొండు దాటింది

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు బాకీ పడ్డాను, క్షమించు. మొదటిది అందేసరికి చెల్లి వాళ్లు మధురవాడకు ఇల్లు మారే హడావిడిలో ఉన్నాం. రెండోది వచ్చినప్పుడు అమ్మ మోకాళ్ల నొప్పితో మంచం దిగలేదు. ఇప్పుడు అందరం కులాసా. గొడుగు నా దగ్గరే భద్రంగా ఉంది, మళ్లీ అడగకు. ఇంటి కబుర్లు ఇక్కడితో సరి. నిన్న రాత్రి జరిగింది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నాన్న మాటల మూట గుర్తుంది కదా? రిటైరయిన నాటి నుంచి తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బరుకు వెళ్లడం, పడవలు దిగినవాళ్ల పక్కన కూర్చుని చేపల పేర్లు, గాలుల పేర్లు, వలల పేర్లు రాసుకురావడం. వరుసకు ఒక మాట. ఒకే మాట పదిమంది చెబితే పదిసార్లూ రాస్తారు. "ఎంతమంది నోట విన్నానో తెలియాలి కదరా" అంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టినప్పుడు ఆ నోటు పుస్తకాలు తడిసి ముద్దయితే, కరెంటు లేని ఆ రోజుల్లో నువ్వూ నేనూ మేడ మీద పేజీ పేజీ విడదీసి ఎండబెట్టాం. ఆ తరువాతే ఆయన మా పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో పేటకు ఒక్కో ఫైలు చొప్పున టైపు చేయడం మొదలుపెట్టారు. కొన్నేళ్లుగా హార్బరులోనే కూర్చుని ఫోనులో కొట్టేస్తున్నారు. మొత్తం 11 వేల పైచిలుకు వరుసలు!

"ఏ మాట ఎందరు చెప్పారో లెక్క తీసిపెట్టగలవా?" అని పోయిన వారం అడిగారు. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. మన కాలేజీ ల్యాబులో, ఆ మూడో బెంచీ దగ్గర, నల్ల తెర మీద నువ్వు ఒక్క వరుస కొట్టి చూపించావే! సార్ట్, పైపు, యూనిక్, పైపు, మళ్లీ సార్ట్. సార్ట్ వరుసలను క్రమంలో పేరుస్తుంది, యూనిక్ ఒకేలా ఉన్నవాటిని ఒకటిగా చేసి ఎన్నున్నాయో చెబుతుంది, పైపు ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందిస్తుంది అన్నావు. అప్పుడు నాకది కళ్లకు కట్టలేదు. ఇప్పుడు ఆ వరుస నా ఇంట్లో నడవాలి.

ముందు సిగ్విన్ పెట్టాను. 1995 నుంచీ ఉన్నదే, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఇలాంటి పరికరాలను విండోస్‌లో నడిపిస్తుంది. కానీ నేను మామూలు విండోస్ తెరలో సార్ట్ అని కొడితే పలికింది విండోస్ వాళ్ల సార్ట్! ఒకే పేరుతో రెండున్నప్పుడు పాత్ వరుసలో, అంటే పరికరాలను వెతికే ఫోల్డర్ల జాబితాలో, ఏది ముందుంటే అదే పలుకుతుందట. సరే, అది తీసేసి డబ్ల్యుఎస్ఎల్, అంటే యునిక్స్ బాటలో నడిచే లినక్స్‌ను విండోస్ లోపలే నడిపే ఏర్పాటు, పెట్టాను. 2016లో మొదటిది వచ్చింది. 2019లో ప్రకటించిన రెండోదానిలో లినక్స్ గుండెకాయ, అసలైన కెర్నలే, నడుస్తుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క ఇన్‌స్టాల్ ఆదేశం ఇస్తే ఉబుంటు అనే లినక్స్ దిగుతుందని చదివాను. దిగింది గానీ లేవలేదు. వర్చువలైజేషన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సదుపాయం, ఆపి ఉందని ఎర్ర అక్షరాలు. కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని తెరిచాక గానీ దారికి రాలేదు. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనబడదు, నాన్న పక్కన నిలబడి "కీబోర్డు పాడైంది" అని తేల్చేశారు. సి డ్రైవు ఎం‌ఎన్‌టి అనే ఫోల్డరు కింద దొరికింది. ఈ భాగం ఇంకా చాలా ఉంది, నువ్వు వచ్చినప్పుడు చెబుతాను.

నిన్న రాత్రి ఫైళ్లన్నీ కలిపి ఆ వరుస కొట్టాను. యూనిక్‌కు పక్కపక్కన ఉన్న వరుసలే ఒకటిగా కనిపిస్తాయి కదా, అందుకే ముందు సార్ట్. ఇది చెప్పగానే నాన్న "టపా లెక్కపెట్టే ముందు ఊళ్ల వారీగా కట్టలు కట్టమా?" అన్నారు. ఎంటర్ కొట్టాను. రెప్ప వేసేలోపు జాబితా వచ్చేసింది. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. వేలితో ఒక్కో వరుసే కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగిపోయారు.

"ఇదేమిటి, వంజరం మూడుసార్లు?"

నిజమే. ఒకచోట 41, ఇంకొంచెం కింద 17, అట్టడుగున ఒంటరిగా 1. మూడుచోట్లా వంజరం చేప పేరే. దగ్గరికి వెళ్లి అక్షరం అక్షరం పోల్చాను, ఏ తేడా లేదు. "విశాఖలో వంజరం పేరు ఒక్కడే చెప్పాడని రాస్తుందా ఈ యంత్రం?" అని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉంది బావా. ఒక్కరే చెప్పిన మాటల కోసమే కదా ఈ లెక్కంతా! అవే ముందు వాడుకలోంచి పోయేవి. వాటి మధ్యలో వంజరం కూర్చుంటే ఇక ఆ జాబితాను ఎలా నమ్మాలి?

మూడింటినీ మూడు ఫైళ్లలో విడివిడిగా పెట్టి, డబ్ల్యుసి అనే ఆదేశంతో బైట్లు, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలు, లెక్కపెట్టాను. తెలుగు అక్షరానికీ గుర్తుకూ మూడేసి బైట్లు. వ, సున్న, జ, ర, సున్న, మొత్తం ఐదు, అంటే 15. వరుస ముగింపుకు ఒకటి కలిపితే 16. ఫోనులో కొట్టిన వంజరం సరిగ్గా 16 చూపింది. రెండోది 17 బైట్లు. మూడోది 20! కంటికి ఒక్కటే, తూకంలో మూడు. నా ఒళ్లు జలదరించింది.

17 బైట్లలో ఉన్న ఆ అదనపు బైటు ఏమిటో నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. విండోస్ ప్రతి వరుస చివరా రెండు గుర్తులు పెడుతుంది, వాటి అంకెలు 13, 10. యునిక్స్‌కు 10 ఒక్కటే చాలు. ఆ 13ను క్యారేజ్ రిటర్న్ అంటారని పైకి చదివాను. చదివానో లేదో, నాన్న ముఖం వెలిగిపోయింది.

"అది మా టైపు మిషనుదిరా!"

లేచి నిలబడ్డారు. గాలిలో ఎడమ చెయ్యి పెట్టి మీటను కుడివైపు తోసి చూపించారు. ముప్పై ఏళ్లు తోసిన చెయ్యి, వేళ్లు ఎలా వంగాలో ఇంకా మరిచిపోలేదు. "తోయగానే ముందు కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది, ఆ తరువాత బండి మొదటికి వస్తుంది. రెండూ రెండు పనులు. మీ విండోస్ రెండూ రాసుకుంటోంది, అవతలిది ఒక్కదానితో సరిపెట్టుకుంటోంది. అంతేనా?" అంతే బావా! నేను అరగంట చదివి తెలుసుకున్నది ఆయన చెయ్యి ఊపి చెప్పేశారు. నేను... ఆ క్షణంలో నువ్వు ఇక్కడ ఉండవలసింది.

20 బైట్ల సంగతి ఇంకో తమాషా. పాత నోట్‌ప్యాడ్ యుటిఎఫ్-8 అనే పద్ధతిలో దాచిన ప్రతి ఫైలు మొదట్లోనూ కంటికి కనిపించని మూడు బైట్ల ముద్ర వేసేది. జాలరిపేట ఫైలులో మొట్టమొదటి మాట వంజరం. ముద్ర దాని నెత్తిన పడింది. 3, 15, 2 కలిపితే 20. డాస్‌టుయునిక్స్ అనే బుల్లి పరికరం ఈ రెండు జబ్బులనూ ఒకేసారి కుదురుస్తుంది. అయితే కలిపిన ఫైలు మీద నడిపితే చాలదు, నడిమధ్య చిక్కుకున్న ముద్రలు అలాగే ఉండిపోతాయి. విడి ఫైళ్లన్నిటి మీదా నడిపి, తరువాత కలిపాను.

వంజరం 59. ఒకే ఒక్క చోట. ఒంటరి మాటలు అంతకుముందు 412, ఇప్పుడు 138.

ఆ 138 నాన్న చదువుతూ ఉంటే నేను మాట్లాడలేకపోయాను. మాట దగ్గర ఆగినప్పుడల్లా ఆయనకు మనిషి కనిపిస్తున్నాడు. "ఇది చెప్పినాయన పోయాడు. ఇది ముత్యాలమ్మపాలెంలో ఒక ముసలావిడ, వల అల్లుతూ చెప్పింది. ఇది..." అంటూ ఒక గాలి పేరు దగ్గర చాలాసేపు ఉండిపోయారు. ఆ పేరు ఇక్కడ రాయను, ఆయన నోటి వెంటే నువ్వు వినాలి. జాబితా కాగితం మీద అచ్చు తీయించమన్నారు. రేపు హార్బరుకు పట్టుకెళ్లి మాట మాటా చదివి వినిపిస్తారట, ఇంకెవరైనా ఎరుగుదురేమోనని. నన్నూ రమ్మన్నారు.

గుణింతం గొడవ ఇంకా ఉంది. సార్ట్ సున్న ఉన్నవాటిని కౌ తరువాత పెట్టకుండా క మొదట్లోనే పెట్టేసింది, నాన్న ససేమిరా ఒప్పుకోవడం లేదు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుందని, సున్నకు ఇచ్చిన అంకె చిన్నదని చెప్పినా వినరు. దానికి నీ దగ్గర ఏదైనా ఉపాయం ఉంటే వెంటనే

అయ్యో, పన్నెండున్నర. నాలుగింటికి లేవాలి. నాన్న అప్పుడే అలారం పెట్టుకుని చెప్పుల సంచీ గుమ్మం దగ్గర పెట్టేశారు. మిగతాది హార్బరు నుంచి వచ్చాక రాస్తాను.

నీ
బావ