ఆదివారం అందరం కోన్‌టికి మ్యూజియం చూద్దాం

అందరికీ నమస్కారం 🙏

ఓస్లోలో ఉంటున్న మా అమ్మాయి కోన్‌టికి మ్యూజియంకు వెళ్లి బోలెడు వీడియోలు పంపింది. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన అపార్ట్‌మెంట్ హాల్లో పెద్ద తెర మీద చూద్దాం. తనూ వీడియో కాల్‌లో ఉంటుంది.

1947లో నార్వే సాహసయాత్రికుడు థార్ హెయర్‌డాల్, మరో అయిదుగురు ‘కోన్‌టికి’ అనే బాల్సా (తేలికైన ఒక రకం కలప) దుంగల తెప్ప మీద పెరూ నుంచి బయలుదేరి, 101 రోజులకు పసిఫిక్ సముద్రంలోని పాలినీషియా దీవుల్లో ఒకటైన రరోయా చేరారు. ఒక్క మేకు లేదు, అంతా తాళ్ల కట్టే! అసలు తెప్ప ఆ మ్యూజియంలోనే ఉంది. కింది అంతస్తుకు దిగితే దాని అడుగుభాగం కూడా కనిపిస్తుంది. పాలినీషియన్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్న ఆయన వాదనను పండితులు ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మైపాడు వైపు తెప్పల మీద వేటకు వెళ్లిన పెద్దలు మీకు తెలిసుంటే తప్పకుండా తీసుకురండి. దుంగలు ఎలా కట్టేవాళ్లో వాళ్ల నోటే వినాలి.

పిల్లలు తలా ఒక ప్రశ్న శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టాలి.
ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు ఈరోజే చెప్పండి.
టీ, మలైకాజాలు నేను తెస్తాను. ఎంతమంది వస్తున్నారో రాయండి.

5 అంటే 5కే మొదలు. మర్చిపోకండి!