డాంగిల్స్ వచ్చాయి, పాఠం ఇంకా మొదలు కాలేదు: సాంకేతిక విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోనసీమలోని ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక మంత్రికి లేఖ రాయడం ఇదే మొదటిసారి. కొత్త భవనం కావాలని గానీ, కొత్త పరికరాలు కావాలని గానీ అడగడానికి రాయడం లేదు. ఉన్న పరికరాలు పిల్లల చేతిలో పనిచేయాలన్నదే నా కోరిక. అందుకు కావలసినవి చిన్న పనులే. వాటిని చూసే మనిషే ఎక్కడా లేరు.

గత ఏడాది మా ల్యాబ్‌కు పన్నెండు రేడియో డాంగిల్స్ వచ్చాయి. చూపుడువేలంత ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లా కంప్యూటర్‌కు పెట్టుకోవచ్చు. లోపల ఉన్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ అనే చిప్. కంప్యూటర్‌లో టీవీ చూడడానికి తయారైన సరుకు ఇది. దీని నుంచి రేడియో తరంగాల ముడి నమూనాలను నేరుగా తీసుకోవచ్చని 2012లో కొందరు ఔత్సాహికులు బయటపెట్టాక, ప్రపంచమంతా రేడియో చదువు చౌకైపోయింది. సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1700 మెగాహెర్ట్జ్ దాకా ఏ తరంగాన్నైనా ఇది అందుకుంటుంది. మిగతా పనంతా ప్రోగ్రాముదే. ఒకప్పుడు కాయిల్స్, కెపాసిటర్లు బోర్డు మీద సోల్డరింగ్ చేసి చూపించిన పాఠాన్ని ఇప్పుడు గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పెట్టెలను గీతలతో కలిపి చూపించవచ్చు. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అంటే ఇదే. ఇంత గొప్ప అవకాశం మా ఊరి పిల్లలకు వస్తుందని నేను ఊహించలేదు. పంపించిన వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

కానీ ఆ పన్నెండింటిలో పది ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. ఎందుకో చెప్పడానికి మా విద్యార్థి ఒకరి సంగతి రాస్తాను.

అంతర్వేది వైపు నుంచి వచ్చే అబ్బాయి. తండ్రి వేటకు వెళ్తారు. చివరి బస్సు దాకా ల్యాబ్‌లోనే ఉంటానని అడిగి మరీ కూర్చున్నాడు. డాంగిల్ పెట్టగానే వచ్చిన మొదటి సందేశం, యూఎస్‌బీ తప్పు మైనస్ 6. పరికరం ఇప్పటికే మరొకరి చేతిలో ఉందని దాని అర్థం. ఆ మరొకరు ఎవరో కాదు, మా కంప్యూటర్లను నడిపే లినక్స్ వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నెలే. డాంగిల్‌ను టీవీ ట్యూనర్ అనుకుని తన డ్రైవర్‌తో, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాముతో, పట్టుకుని కూర్చుంటుంది. ఆ డ్రైవర్‌ను నిషేధ జాబితాలో చేర్చి కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి. అది చేయడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. మా ల్యాబ్ కంప్యూటర్ల పాస్‌వర్డ్ వాటిని సరఫరా చేసిన సంస్థ దగ్గరే ఉండిపోయింది. వారి మనిషి వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ మనిషి వెళ్లాక తప్పు మైనస్ 3 వచ్చింది. పరికరాన్ని తెరిచే అనుమతి మామూలు వాడుకరికి లేదని దాని భావం. ఒక చిన్న నిబంధనల ఫైలును సరైన చోట పెడితే తీరిపోయే విషయం. దానికీ అదే పాస్‌వర్డ్. మళ్లీ ఫోను, మళ్లీ ఎదురుచూపు.

అవన్నీ దాటాక అసలు చిక్కు వచ్చింది. ప్రోగ్రామ్ నడిపితే గ్నూరేడియో అనే మాడ్యూల్ (ప్రోగ్రాముకు కావలసిన భాగం) లేదని, ఆ ప్రోగ్రామ్ రాసిన భాషను నడిపే పైథాన్ చెప్పింది. అబ్బాయి రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. పక్కన కూర్చుని చూస్తే, ఆ కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉన్నాయి. ఉబుంటు అనే మా లినక్స్‌తో వచ్చినది ఒకటి, గణితం పాఠాల కోసం ఎవరో వేసిన అనకొండా అనే ప్యాకేజీది మరొకటి. గ్నూ రేడియో మొదటిదాని సంచిలో ఉంది. ప్రోగ్రామ్ వెతుకుతున్నది రెండోదాని సంచిలో. ఏ పైథాన్ పలుకుతోందో అడిగే ఒక్క కమాండ్ తెలిసి ఉంటే పది నిమిషాల పని. తెలియక మూడు సాయంత్రాలు పోయాయి.

ఆ తర్వాత ల్యాబ్ మాన్యువల్ వంతు. మాకు ఇచ్చిన మాన్యువల్ గ్నూ రేడియో 3.7 కాలంలో, పైథాన్ 2 నడిచిన రోజుల్లో రాసినది. 2019లో వచ్చిన 3.8 తో గ్నూ రేడియో పైథాన్ 3కి మారింది, ఫలితాలను చూపించే పాత డబ్ల్యూఎక్స్ తెరలు పూర్తిగా తొలగిపోయాయి. మా కంప్యూటర్లలో ఉన్నది ఉబుంటు 22.04, అందులో వచ్చేది 3.10. అంటే మాన్యువల్‌లోని మొదటి ప్రయోగం అక్షరం పొల్లుపోకుండా చేసినా ఆ తెరల మాడ్యూల్ దొరకలేదనే సందేశమే వస్తుంది. పాఠం ప్రకారం చేసిన పిల్లవాడికి తప్పు వస్తే, వాడు పాఠాన్ని అనుమానించడు మంత్రిగారూ. తననే అనుమానించుకుంటాడు. పన్నెండో రోజు ఆ అబ్బాయి నా దగ్గరకొచ్చి, "మేడమ్, నాకు ఇది రాదేమో, వేరే ప్రాజెక్టు ఇవ్వండి" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఎందుకంటే ఆ పన్నెండు రోజుల్లో అతను రేడియో గురించి ఒక్క తప్పూ చేయలేదు. అసలు రేడియో దాకా మేము వెళ్లనే లేదు.

మా డెల్టాలో రైతును అడిగితే ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నిండుగా ఉన్నా, పెద్ద కాలువకు నీళ్లు వదిలినా, పంట బోదెలో పూడిక తీయకపోతే శివారు చేను ఎండిపోతుంది. డాంగిల్స్ కొనడం కాలువకు నీళ్లు వదలడం. ఇన్‌స్టలేషన్ పూడిక తీసే పని. మొదటిదానికి బడ్జెట్ ఉంది, రెండోదానికి మనిషి కూడా లేడు.

నేను అడుగుతున్నది ఇది. ఏటా జూన్‌కు ముందు మీ శాఖ తరఫున ఒక చిన్న బృందం కూర్చుని, గ్నూ రేడియో, డాంగిల్ డ్రైవర్లు, వాటిని కలిపే ఆస్మోఎస్‌డీఆర్ మాడ్యూల్, అనుమతుల ఫైళ్లు అన్నీ ఒకదానికొకటి సరిపోయే వెర్షన్లలో వేసి, పరీక్షించి, ఒక పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేయాలి. దాన్ని కంప్యూటర్‌కు పెట్టి స్టార్ట్ చేస్తే చాలు, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోనవసరం లేకుండా అంతా నడవాలి. విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా అందులో ఏ వెర్షనూ మారకూడదు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఉబుంటు సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారం నుంచి తీసుకుంటే గ్నూ రేడియో, ఆస్మోఎస్‌డీఆర్ జంటగా, సరిపోయేవే వస్తాయి. ఒకటి అక్కడి నుంచి తీసుకుని, రెండోదాన్ని ఎక్కడో చూసి సోర్సు కోడ్ నుంచి కట్టుకుంటేనే తంటా. 3.9 వెర్షన్‌లో సి ప్లస్ ప్లస్‌ను పైథాన్‌తో కలిపే పద్ధతే మారిపోయింది కాబట్టి, పాత పద్ధతిలో రాసిన అదనపు మాడ్యూళ్లు కొత్తదాని మీద కుదరవు. పైథాన్ మాడ్యూళ్లను దించే పిప్ అనే పనిముట్టుతో వేద్దామంటే, ఈమధ్య వచ్చిన ఉబుంటు వ్యవస్థలు తమ పైథాన్‌లో చేయి పెట్టనివ్వవు. ఇవన్నీ మంచి కారణాలతో జరిగిన మార్పులే. అయితే ఆ కారణాలు తెలుసుకోవడం పద్దెనిమిదేళ్ల విద్యార్థి మొదటి వారంలో చేయవలసిన పని కాదు.

మాన్యువల్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తో సరిపోయేలా మళ్లీ రాయించండి. దాని చివర, తరచుగా వచ్చే తప్పు సందేశాలకు తెలుగులో అర్థం, కారణం, చేయవలసిన పని ఉండాలి. మా దగ్గర ఒక అమ్మాయి తన నోటుబుక్కు వెనక పేజీల్లో ఇదే మొదలుపెట్టింది. ఎర్ర సిరాతో సందేశం, నీలం సిరాతో తెలుగులో తనకు అర్థమైనది. మైనస్ 6 పక్కన "వేరేవాళ్లు పట్టుకున్నారు, విడిపించాలి" అని, మైనస్ 3 పక్కన "తలుపుంది, తాళంచెవి లేదు" అని రాసుకుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల. నేను ఇన్నేళ్లలో ఇంత బాగా చెప్పలేదు.

పాస్‌వర్డ్ విషయం కూడా మీరే తేల్చాలి. కళాశాల డబ్బుతో కొన్న కంప్యూటర్ తాళం కళాశాలలోనే ఉండాలి. సరఫరా ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం చేర్పించండి.

ఇది ఏదో ఒక సబ్జెక్టు గొడవ అని మీ కార్యాలయంలో ఎవరైనా పక్కన పెడతారేమోనని నా భయం. మాది సముద్రం ఒడ్డు. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫాను నాకు గుర్తుంది. కొబ్బరి చెట్లు తలలు తెగి పడ్డాయి, కరెంటు లేదు, టెలిఫోను లేదు. వేటకు వెళ్లినవారి కబురు కోసం ఒడ్డున నిలబడిన ఆడవాళ్లను చూశాను. ఓడలు తమ ఉనికిని 162 మెగాహెర్ట్జ్ దగ్గర, విమానాలు 1090 దగ్గర ఎప్పటికప్పుడు ప్రకటిస్తూనే ఉంటాయి. వాటిని వినగలిగే పరికరం ఈరోజు మా పిల్లల చేతిలో ఉంది. ఈ తీరంలో పుట్టిన పిల్లలకు రేడియో తెలిసి ఉండడం అవసరం. రేపు హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు పరీక్ష రాసేవారు, తుఫాను రాత్రి సెట్టు ముందు కూర్చునేవారు వీరిలోంచే రావాలి.

ఆ అబ్బాయికి వేరే ప్రాజెక్టు ఇవ్వలేదు. రెండు ఆదివారాలు ఇంట్లో కూర్చుని, నేను పైన చెప్పినట్టే ఒక పెన్‌డ్రైవ్ తయారుచేశాను. సోమవారం బిస్కెట్ డబ్బా మూత మధ్యలో రంధ్రం చేసి, సుమారు ఏడు సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టి, మేడ మీదకు తీసుకెళ్లాం. రెండు నిమిషాల్లో తెరమీద వరుసలు కదలడం మొదలైంది. ఒక్కో వరుస ఒక్కో విమానం, దాని ఎత్తు, వేగం. అబ్బాయి తెర చూడడం మానేసి తలెత్తి ఆకాశంలో వెతికాడు. కొబ్బరాకుల మీదుగా తెల్లటి గీత ఒకటి ఉత్తరంగా పోతోంది. "మేడమ్, అదే ఇది" అని తెరమీద మూడో వరుస చూపించాడు.

ఆ పెన్‌డ్రైవ్ నకలు ఒకటి ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. నాకు చేతనైనంతలో చేశాను, లోపాలు ఉంటాయి. మీ శాఖలో తెలిసినవారితో ఒకసారి పరీక్షింపజేయండి. మా ల్యాబ్ సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది. మిగతా పది డాంగిల్స్ బీరువాలో రెండో అరలో ఉన్నాయి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ అధ్యాపకురాలు,
కోనసీమ