క్రికెట్ విభాగం వార్షిక నివేదిక, 2022

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకల వివరాలు సాంస్కృతిక విభాగం నివేదికలో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తారు. ఇది క్రికెట్ విభాగం నివేదిక. ప్రతి ఏడూ మ్యాచ్‌ల వివరాలతో ఒక పేజీలో ముగిసేది, ఈసారి పెరిగింది. లీడ్స్‌లో ఉంటూ, పిల్లల్ని క్రికెట్‌కు పంపుతూ, యార్క్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్‌లో బయటపడ్డ జాతి వివక్ష గొడవ గురించి మాట్లాడకుండా ఈ ఏడాది నివేదిక రాయలేను. మన విభాగంలో చేసిన మార్పులకు కూడా కారణం అదే.

2021 డిసెంబరు 3న యార్క్‌షైర్ తన కోచింగ్, సహాయక సిబ్బందిలో 16 మందిని ఒకే రోజు పంపేసింది. క్రికెట్ డైరెక్టర్ మార్టిన్ మాక్సన్, హెడ్ కోచ్ ఆండ్రూ గేల్‌తో పాటు బౌలింగ్ కోచ్ రిచ్ పైరా కూడా అందులో ఉన్నారు. పైరా ఇక్కడికి దగ్గర్లోని డ్యూస్‌బరీలో పుట్టారు. 2004 నుంచి 2015 దాకా కౌంటీ క్రికెట్ అంతా యార్క్‌షైర్‌కే ఆడారు. 2011లో లాంకషైర్ మీద కింది వరసలో వచ్చి 117 కొట్టిన ఇన్నింగ్స్ గురించి ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆట మానేశాక అదే క్లబ్‌లో కోచ్ అయ్యారు.

ఇక్కడిదాకా ఎలా వచ్చిందో మనలో చాలామందికి తెలుసు, కొత్తగా చేరిన కుటుంబాల కోసం చెబుతున్నాను. కరాచీలో పుట్టి, పదేళ్ల వయసులో బార్న్‌స్లీకి వచ్చిన అజీమ్ రఫీక్ యార్క్‌షైర్‌కు ఆఫ్ స్పిన్ వేశాడు. 2012లో 21 ఏళ్లకే టీ20లో ఆ జట్టుకు కెప్టెన్సీ చేశాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో జాతి వివక్ష ఎదుర్కొన్నానని క్లబ్‌లో చెప్పుకున్నా ఫలితం లేక, 2018లో క్లబ్ వదిలాడు. 2020లో బయటికి వచ్చి మాట్లాడాకే విచారణ వేశారు. అది పూర్తవడానికి ఏడాది పట్టింది. 43 ఆరోపణల్లో ఏడు నిజమని తేలాయి. అయినా ఎవరి మీదా చర్య అవసరం లేదని 2021 అక్టోబరులో క్లబ్ ప్రకటించింది. ఆ ఒక్క మాటతో అంతా కూలింది. నైకీ, యార్క్‌షైర్ టీ లాంటి స్పాన్సర్లు తప్పుకున్నారు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు యార్క్‌షైర్ సొంత మైదానం హెడింగ్లీలో అంతర్జాతీయ మ్యాచ్‌లను నిలిపేసింది. ఛైర్మన్ రాజీనామా చేశారు, ఆ తర్వాత సీఈఓ కూడా. నవంబరు 16న రఫీక్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కన్నీళ్లతో చెప్పిన మాటలు మనలో చాలామంది పనులు ఆపుకుని విన్నాం. ఆ తర్వాత కొద్ది రోజులకే, కుర్రతనంలో తాను పంపిన యూదు వ్యతిరేక సందేశాలు బయటపడితే రఫీక్ క్షమాపణ కూడా చెప్పాడు.

అంత వేడిలో ఉన్నప్పుడే లార్డ్ కమలేశ్ పటేల్ కొత్త ఛైర్మన్‌గా వచ్చి, నెల తిరక్కుండానే 16 మందిని గంపగుత్తగా పంపారు. ఆ మార్పు ఎంత అవసరమో మనకు తెలుసు. ఏళ్ల తరబడి పాతుకుపోయిన వాతావరణం పాత మనుషులతోనే మారదన్న వాదనను నేను కొట్టిపారేయను. కానీ 16 మందిదీ ఒకే తప్పు కాదు. కొందరి మీద ఆరోపణలున్నాయి, కొందరి మీద లేవు. ఎవరు ఏం చేశారు, ఎవరు చూసీ ఊరుకున్నారు, ఎవరికి అసలు సంబంధమే లేదు అన్నది మనిషి మనిషికీ విడిగా విని తేల్చలేదు. 2022 జూన్‌లో ఉద్యోగ వివాదాలు తేల్చే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ముందు ఇదే తేలింది. గేల్, పైరా సహా ఆరుగురిని తీసేసిన తీరు అన్యాయమని తీర్పు వచ్చింది. క్లబ్ కూడా దాన్ని ఒప్పుకుంది. ఆ తీర్పు వివక్ష జరగలేదని చెప్పలేదు. తీసేయడానికి ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని పాటించలేదని చెప్పింది. అదే నెలలో బోర్డు క్లబ్ మీద, కొందరు వ్యక్తుల మీద అభియోగాలు పెట్టింది. ఈ నివేదిక రాసేనాటికి వాటి విచారణ జరగలేదు కాబట్టి, ఎవరు దోషులన్న చర్చ మన వాట్సాప్ గ్రూపులో వద్దని మరోసారి కోరుతున్నాను.

నన్ను బాగా బాధపెట్టింది రెండు చివరల్లోనూ ఒకే లోపం ఉండటం. రఫీక్ చెప్పుకున్నప్పుడే కూర్చోబెట్టి వినలేదు. మూడేళ్లకు సిబ్బందిని పంపేటప్పుడు వాళ్లనూ వినలేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

బౌలింగ్ కోచ్ వెళ్లిపోతే ఏం పోతుందో కూడా కొంత చెప్పాలి. బ్యాటింగ్ లోపం స్కోరుబోర్డు మీద కనిపిస్తుంది, బౌలింగ్ లోపం నడుములో కనిపిస్తుంది. ఎదిగే వయసులో భుజాలు ఒకవైపు, తుంటి ఒకవైపు తిరిగే యాక్షన్‌తో బంతులు వేస్తూ పోతే వెన్నెముక కింది భాగంలో సన్నటి పగులు వస్తుంది. ఆ కుర్రాడు ఒక సీజన్ అంతా కూర్చోవాలి. దాన్ని ముందే పట్టేది బౌలింగ్ కోచే. ఎవరు ఎన్ని ఓవర్లు వేశారు, ఎవరి రనప్ చివర్లో చిన్నదవుతోంది, ఎవరి ముందుకాలు పక్కకి పడుతోంది అన్నది అతని బుర్రలో ఉంటుంది. పుస్తకంలో రాసి తర్వాతివాడికి అప్పగించేది అందులో కొంతే.

ఇది మన హైదరాబాద్ సిరాజ్ కథలోనూ చూశాం. గల్లీల్లో టెన్నిస్ బంతితో పెరిగిన ఆ కుర్రాడికి 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ కోచ్‌గా భరత్ అరుణ్ దొరికారు. ఆ సీజన్‌లో సిరాజ్ 41 వికెట్లు తీశాడు. తర్వాత ఇండియా జట్టు బౌలింగ్ కోచ్‌గానూ అరుణే ఉన్నారు. తన ఎదుగుదలలో అరుణ్ పాత్ర ఎంతో సిరాజ్ పదే పదే చెబుతుంటాడు. అదే సిరాజ్ ఈ సెప్టెంబరులో వారిక్‌షైర్ తరఫున ఎడ్జ్‌బాస్టన్‌లో సోమర్‌సెట్ మీద మొదటి మ్యాచ్‌లోనే ఐదు వికెట్లు తీసినప్పుడు మన జూనియర్లు ఫోన్ల మీద ఎలా మూగారో చూశాను.

2022 సీజన్‌కు యార్క్‌షైర్‌కు కొత్త సిబ్బంది వచ్చారు. డారెన్ గాఫ్ తాత్కాలిక డైరెక్టర్, ఓటిస్ గిబ్సన్ హెడ్ కోచ్. గిబ్సన్ స్వతహాగా ఫాస్ట్ బౌలర్, ఇంగ్లండ్‌కు రెండుసార్లు బౌలింగ్ కోచ్‌గా చేసినవారు. సహాయ కోచ్‌గా వచ్చిన కబీర్ అలీ ఆడిన ఒకే ఒక్క టెస్టు 2003లో ఇదే హెడింగ్లీలో, దక్షిణాఫ్రికా మీద. అందులో ఐదు వికెట్లు తీశాడు. మన ఇళ్లలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ బాల్కనీలో కోచ్‌గా నిలబడటం మన పిల్లలకు చిన్న విషయం కాదు. సీజన్ మాత్రం బాధగానే ముగిసింది. ఆఖరి మ్యాచ్‌లో గ్లోస్టర్‌షైర్ చేతిలో 18 పరుగుల తేడాతో ఓడి, యార్క్‌షైర్ రెండో డివిజన్‌కు పడిపోయింది. పాత కోచ్‌లు ఉంటే నిలబడేదని కొందరు అంటున్నారు. అలా తేల్చడానికి ఆధారం లేదు.

ఇక మన విభాగం సంగతి. ఫిబ్రవరిలో కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. కోచ్ మీద గానీ, ఆటగాడి మీద గానీ, తల్లిదండ్రుల మీద గానీ ఫిర్యాదు వస్తే వారం లోపు ఇద్దరు సభ్యులు కూర్చుని వినాలి, వాళ్లలో ఒకరు మహిళ అయి ఉండాలి. రెండు పక్షాలనూ విడివిడిగా వినాలి. నిర్ణయాన్ని కారణాలతో సహా కాగితం మీద ఇవ్వాలి. అప్పటిదాకా గ్రూపులో పేర్లు రాకూడదు. స్వచ్ఛంద సంఘానికి ఇంత తతంగం ఎందుకని కొందరు అన్నారు. చిన్న సంఘం కాబట్టే కావాలని నా నమ్మకం. ఇక్కడ అందరూ అందరికీ తెలుసు, చెప్పుకోవడానికి మొహమాటం ఎక్కువ.

వేసవిలోనే దాని అవసరం పడింది. మన అండర్-13 ఫాస్ట్ బౌలర్ ఒకడికి మంచి ఊపులో ఉండగా కోచ్ బంతి ఇవ్వడం మానేశారని, కావాలనే పక్కన పెడుతున్నారని తండ్రి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. కోచ్ ఇక్కడి ఇంగ్లిష్ పెద్దాయన. ఈ ఏడాది గాలిలో ఉన్న అనుమానం ఏమిటో మీకు తెలుసు. తండ్రిని విన్నాం, తల్లి పక్కన ఉండగా పిల్లాణ్ణి విన్నాం, తర్వాత కోచ్‌ను విన్నాం. ఆ పిల్లాడు ఆ రోజు పొద్దున వేరే జట్టుకు ఆరు ఓవర్లు వేసి వచ్చాడు. మనకు నాలుగు వేశాడు. బోర్డు నియమం ప్రకారం ఆ వయసు ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్‌లో, అంటే ఒక విడతలో ఐదు, రోజు మొత్తానికి పది ఓవర్లు మించకూడదు. కోచ్ చేసింది సరైనదే. కానీ ఆ కారణం పిల్లాడికీ, తండ్రికీ ఆయన చెప్పలేదు. ఫిర్యాదులో ఆ భాగం న్యాయమైనదని రాశాం, కోచ్ ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి బౌలర్‌కూ ఒక ఓవర్ల కార్డు ఉంది. ఎక్కడ ఆడినా అందులో రాయాలి. ఆ కార్డులన్నీ చూసే బాధ్యత ఆ తండ్రిగారే అడిగి తీసుకున్నారు.

యార్క్‌షైర్ సభ్యులు మార్చి 31న పాలనా సంస్కరణలకు ఓటేశాక హెడింగ్లీకి మ్యాచ్‌లు తిరిగి దక్కాయి. జూన్‌లో న్యూజీలాండ్ టెస్టుకు జూనియర్లను తీసుకెళ్లాం. ఇక్కడ పిచ్‌ను కాదు, ఆకాశాన్ని చూడాలన్న పాత మాట ఎందుకొచ్చిందో మబ్బు పట్టినప్పుడు బంతి గాలిలో స్వింగ్ అవడం చూసి పిల్లలకు అర్థమైంది. రూట్, బెయిర్‌స్టో కలిసి 296 లక్ష్యాన్ని సునాయాసంగా ముగించారు. జులైలో దక్షిణాఫ్రికా వన్డే మాత్రం వానకు కొట్టుకుపోయింది.

మన బౌలింగ్ కోచ్ గారు సెప్టెంబరులో సెలవు తీసుకున్నారు. కూతురి దగ్గర ఉండటానికి వేరే ఊరు వెళ్లారు. ఫిర్యాదుకూ దీనికీ సంబంధం లేదని ఆయన కోరిక మేరకే ఇక్కడ రాస్తున్నాను. వీడ్కోలు భోజనానికి ఫిర్యాదు చేసిన కుటుంబమే పులిహోర చేసి తెచ్చింది. వెళ్లేముందు ఆయన ఒక్కో బౌలర్ గురించి ఒక్కో పేజీ రాసిచ్చారు. అవి నా దగ్గర భద్రంగా ఉన్నాయి, తల్లిదండ్రులు అడిగితే వాళ్ల పిల్లల పేజీ ఇస్తాను.

ఆ స్థానం ఖాళీగా ఉంది. చలికాలం ఇండోర్ నెట్స్ నేనూ ఇద్దరు పెద్ద కుర్రాళ్లూ నెట్టుకొస్తున్నాం, కానీ పిల్లల యాక్షన్ సరిదిద్దే అర్హత మాకు లేదు. బోర్డు కోచింగ్ కోర్సు చేసినవారు, చేయదలచినవారు ముందుకు రావాలి. డీబీఎస్ తనిఖీ, అంటే నేర చరిత్ర తనిఖీ తప్పనిసరి. కోర్సు ఫీజు సంఘం భరించాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. దాన్ని ఆమోదించమని కోరుతున్నాను.

కార్యదర్శి, క్రికెట్ విభాగం